పాల్వంచ శిస్తు ఎవరి సొమ్ము?

భద్రాచలం రామాలయం శిస్తు సొమ్ముతో లేచిన గుడి. గోల్కొండను అబుల్ హసన్ తానీషా ఏలిన రోజుల్లో (1672-1687) పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా వచ్చిన నేలకొండపల్లి కంచర్ల గోపన్న, వసూలైన పన్నును ఖజానాకు పంపకుండా గోదావరి ఒడ్డున గుడికి ఖర్చు పెట్టాడు. బాకీ ఆరు లక్షలకు తేలిందని, తానీషా పన్నెండేళ్లు ఖైదులో ఉంచాడని, చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ పేర్లతో వచ్చి సొమ్ము కట్టి రసీదు పుచ్చుకున్నారని కథ. దీన్ని భక్తికథగా వినడమే అలవాటు. ధర్మం వైపు నుంచి చూస్తే ముందుగా తేలవలసింది మరొకటి ఉంది: ఆ ఆరు లక్షలు అసలు ఎవరివి?

పన్ను గురించి ధర్మశాస్త్రాల మాట చాలా సూటిగా ఉంటుంది. పంటలో ఆరో వంతు జీతంగా తీసుకొని ప్రజలను కాపాడేవాడు రాజు అని బౌధాయన ధర్మసూత్రం చెబుతుంది. జీతం అన్నాక రాజు కొలువులో ఉన్నవాడే కదా. కాపాడకుండా పన్ను మాత్రం పుచ్చుకునే రాజు ప్రజల పాపమంతా మూటగట్టుకుంటాడని మనుస్మృతి హెచ్చరిస్తుంది. కాళిదాసు ఈ లెక్కను అడవి దాకా తీసుకుపోయాడు. అభిజ్ఞాన శాకుంతలం రెండో అంకంలో మునుల నుంచి పన్ను తీసుకొమ్మని విదూషకుడు పరాచికమాడితే, ఊళ్లవాళ్లు కట్టే పన్ను కరిగిపోయేదని, అడవివాళ్లు తమ తపస్సులో ఆరో వంతు ఇస్తారని, అది తరగనిదని దుష్యంతుడు జవాబిస్తాడు. అడవి నుంచి ధనం ఆశించకూడదన్న ఆ ఇంగితం తర్వాతి ఏలికల్లో పెద్దగా కనిపించదు.

ఈ కొలత ప్రకారం పరగణా శిస్తు తానీషాకు రావలసిన జీతం. గోపన్న దాన్ని వసూలు చేసి పంపవలసిన మనిషి. దేవుడికి ఇచ్చినా ఆ సొమ్ము ఆయనది కాదు. ఆయన పక్షాన సాధారణంగా వినిపించే సమాధానం ఒకటుంది. లోకమంతా ఈశ్వరుడిదే కాబట్టి శిస్తు కూడా ఆయనదే, ఎవరిది వారికి చేర్చడం తప్పెలా అవుతుందని. వాదం వినడానికి బాగుంటుంది గాని నిలవదు. అంతా ఈశ్వరుడిదే అయితే రైతు గాదెలోని ధాన్యమూ ఈశ్వరుడిదే. అది గుడికి చేరడానికి మధ్యలో కచేరీ బంట్రోతు కర్ర ఎందుకు? పైగా దానానికి న్యాయార్జితమైన ద్రవ్యమే తగినదని శాస్త్రం. దాత చేతిలోది దాతదై ఉండాలి. ధర్మరాజు అశ్వమేధం ఒక పేద బ్రాహ్మణుడు దానమిచ్చిన పేలపిండికి సాటి రాదని ముంగిస చేత చెప్పించిన మహాభారతానికి ఈ తేడా బాగా తెలుసు.

అదే తేడా భద్రాచలం స్థలకథలోనూ ఉంది. గోపన్న రాకముందు పోకల దమ్మక్క అనే ఆదివాసీ స్త్రీ విగ్రహాలను కనుగొని, పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిందంటారు. తాటిపండు ఎవరి దగ్గరా వసూలు చేసింది కాదు. గుడి చరిత్రలో ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని నైవేద్యం అదొక్కటే అనిపిస్తుంది.

అయితే గోపన్నను దొంగ అనడం కుదరదు. సొంతానికి దాచుకున్నాడని ఆయన మీద ఏ కథా చెప్పదు. ఖైదులో పాడినదని చెప్పుకునే కీర్తన ఒకటి అచ్చంగా జమాఖర్చుల చిట్టాలా ఉంటుంది: సీతమ్మకు, లక్ష్మణుడికి, భరతశత్రుఘ్నులకు ఏ నగ చేయించాడో, ఎంత పట్టిందో వరసగా చెప్పి దేవుణ్ణే నిలదీస్తాడు. (ఈ కాలంలో అయితే ఆ కీర్తన ఏసీబీ వారికి నేరుగా పంచనామాగా పనికొచ్చేది.) సర్కారుకు అప్పజెప్పని లెక్కను రాముడికి అప్పజెప్పాడంటే, లెక్క చెప్పవలసి ఉందన్న ఎరుక ఆయనకు ఉందన్నమాట. చెప్పవలసిన మూడో మనిషి, అంటే శిస్తు కట్టిన రైతు, పాటలో లేడు.

రెండు వందల ఏళ్ల తర్వాత ఇదే అడవిలో పన్ను ప్రశ్న భక్తి ముసుగు లేకుండా ఎదురైంది. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను 1860లో నిజాం ఇంగ్లీషువారికి వదిలాడు. 1874 వరకు అవి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, ఆపై మద్రాసు రాజధాని కిందికి వచ్చాయి. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పోడు సాగుకు గొడ్డలి ఒక్కింటికి నాలుగణాలు కడితే కావలసినంత అడవి నరుక్కోనిచ్చేవారు. మద్రాసు సర్కారు పోడు పన్నును దాదాపు మూడింతలు చేసి, కొన్ని చోట్ల పోడు కొట్టడాన్నే ఆపింది. ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్నది రేటు తేడా ఒక్కటే కాదు. గొడ్డలి పన్ను మనిషి రెక్కల కష్టంలో వాటా అడుగుతుంది. ఇక్కడ కొట్టవద్దు అనే ఉత్తర్వు నేల నీది కాదంటుంది. ఈ అడవిలోని కోయలు భూమి పండుగ చేసి, వేల్పులకు కొత్త పెట్టి గాని కొత్త పంట ముట్టరు. వారి దృష్టిలో నేల యజమాని ఎవరో ఎప్పుడో తేలిపోయింది. ఆ యజమాని పుచ్చుకునేది గుప్పెడు గింజలు, ఒక కోడి.

పక్కనే రంపలో అబ్కారీ కౌలుదార్లు ఇంట తాగే కల్లుకూ పన్ను అడిగారు. 1879 మార్చిలో అక్కడ తిరుగుబాటు మొదలై, జూలైకి రేకపల్లి దాకా పాకింది. దాన్ని అణచడానికి ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లు కావలసివచ్చాయి. కోయల నుంచి వచ్చే పోడు పన్ను ఎన్నేళ్లు వసూలు చేస్తే ఆ ఖర్చుకు సరిపోతుందో మద్రాసు ఖజానా వారే చెప్పాలి. రక్షణకు జీతం పన్ను అన్న సూత్రం ఇక్కడ తలకిందులైంది: పన్ను కోసమే దండు వచ్చింది.

స్వతంత్ర భారతం గోపన్న ప్రశ్నకు రాజ్యాంగంలో జవాబు రాసుకుంది. ఒక మతం పోషణకే ప్రత్యేకించిన పన్నును కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదని 27వ అధికరణం చెబుతుంది. వసూలైన పన్నులో గణనీయమైన భాగం ఒక మతానికి పోతేనే ఈ అధికరణానికి భంగమని, కొద్ది భాగమైతే కాదని 2011లో ప్రఫుల్ గొరాడియా కేసులో సుప్రీంకోర్టు వివరించింది. పరగణా శిస్తును ఏళ్ల తరబడి గుడికి మళ్లించిన తహశీల్దారు ఆ గీత దాటినవాడే. ఏటా శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం పంపే పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు గీతకు ఇవతలే ఉంటాయి. ఆ ముత్యాలు తానీషా నాటి ఆచారమంటారు. బాకీ తీరాక సుల్తానుకు పశ్చాత్తాపం కలిగిందని, గోపన్నకు విడుదల దొరికిందని, గుడికి ఈనాములు వచ్చాయని కూడా అంటారు. ప్రచారంలో ఉన్న ఏ కథలోనూ ఆ ఆరు లక్షల్లో ఒక్క రూక పాల్వంచ రైతు ఇంటికి తిరిగి చేరలేదు.