గురువు వద్ద సెలవు పుచ్చుకోవడం

ఉత్తరదేశపు అఖాడాలో ఒక బాలుడు చేరే రోజు చిన్న పండుగ వంటిది. పిల్లవాడు లంగోటీ బిగించి, ఆంజనేయునికి మొక్కి, గురువు పాదాలు తాకి, గోదాలోని మట్టిని చిటికెడు తీసి నుదుట పెట్టుకుంటాడు. మిఠాయి పంచుతారు. ఆనాటినుండి అతడు ఆ మట్టికి చెందినవాడు. కాని ఆ పిల్లవాడే పది పన్నెండేండ్ల తరువాత, మీసం వచ్చి, మెడ బలిసి, మరొక చోటికి పోవలసి వచ్చినప్పుడు జరిపించే తంతు ఏదీ లేదు. చేరడానికి విధి ఉన్నది, విడిచిపోవడానికి లేదు. అందుచేత చాలామంది పారిపోయినట్లు పోతారు. ఒకనాడు రారు, మరునాడు రారు. వారం గడిచిన తరువాత అతడు ఫలానా చోట కసరత్తు చేస్తున్నాడని ఎవరో వచ్చి చెబుతారు. గురువు వింటాడు, ఏమీ అనడు, పార తీసుకొని మట్టి తవ్వుతాడు.

ఈ మౌనంలో ఎవరి దోషం ఎంత అన్నది విచారించదగిన విషయం. అఖాడాను మన తెలుగునాట తాలింఖానా అన్నారు, సాముగరిడీ అన్నారు. నేర్పేవానిని వస్తాదు అన్నారు. పారసీకంలోని ఉస్తాదే మన నోట వస్తాదైనాడు. పేరు ఏదైనా అక్కడి సంబంధం ఒక్కటే. బడిపంతులు పాఠం చెప్పి ఇంటికి పోతాడు. వస్తాదు అట్లా కాదు. తెల్లవారకముందే శిష్యులచేత మట్టి తవ్విస్తాడు. అందులో నూనె, పసుపు, మజ్జిగ, వేపాకు కలిపిస్తాడు. దండీలు, బస్కీలు లెక్కపెడతాడు. ఏమి తినాలో, ఎప్పుడు నిద్రపోవాలో, ఎవరితో తిరగరాదో చెబుతాడు. అన్నిటినీ మించి, తానే గోదాలో దిగి శిష్యునితో పెనుగులాడుతాడు. శిష్యుని బలహీనత ఏ కీలులో ఉన్నదో కన్నతల్లికి తెలియకపోవచ్చు, గురువుకు తెలుస్తుంది. పాత అఖాడాలలో చాలావాటిలో నెలకింత అని రుసుము ఉండేది కాదు. ధర కట్టని వస్తువుకు బాకీ తీర్చే పద్ధతి కూడా ఉండదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

వెళ్ళే శిష్యుడు, "చెమట నాది, నొప్పి నాది, ఈ శరీరం నాది" అంటాడు. గురువు, "ఈ శరీరాన్ని నేను చేసినాను" అంటాడు. రెండూ నిజాలే, ఒకరి నిజం రెండవవారికి అబద్ధంగా వినిపిస్తుంది. మన పురాణాలు ఈ తగవును దాచిపెట్టలేదు. యాజ్ఞవల్క్యుడు సహాధ్యాయులను చులకన చేసి మాట్లాడినందుకు వైశంపాయనుడు కోపించి, నా వద్ద నేర్చినదంతా ఇక్కడే విడిచిపెట్టి పొమ్మన్నాడు. శిష్యుడు యజుస్సులను కక్కివేసినాడు. తక్కినవారు తిత్తిరిపక్షులై వాటిని ఏరుకున్నారు. యాజ్ఞవల్క్యుడు సూర్యుని ఆరాధించి వేరే యజుస్సులను సంపాదించినాడు. ఒక వేదం రెండు శాఖలుగా నిలవడానికి ఒక చెడిన వీడ్కోలు కారణమైందని పురాణం చెప్పుకున్నదన్నమాట. కథలో కక్కివేయడం సాధ్యమైంది. లోకంలో అది కుదరదు. పన్నెండేండ్లపాటు నేర్చిన పట్టును ఏ మల్లుడు గోదా గట్టుమీద విడిచి పోగలడు? తిరిగి ఇవ్వలేని దానిని తిరిగి ఇమ్మని అడగడం కోపమే కాని న్యాయం కాదు.

కచుని కథ మరొక తీరు. శత్రుపక్షపు గురువైన శుక్రుని వద్ద చేరి, మూడుసార్లు చచ్చి బ్రతికి, మృతసంజీవని నేర్చి, గురువు అనుమతితోనే అతడు బయలుదేరినాడు. గురువు సెలవిచ్చినాడు, గురుపుత్రి దేవయాని ఇవ్వలేకపోయింది. ఆ విద్య నీకు ఫలించదని శపించింది. నాకు ఫలించకపోతే పోనీ, నేను నేర్పినవానికి ఫలిస్తుందని కచుడు జవాబు చెప్పి వెళ్ళినాడు. విద్యాఋణానికి నాకు తెలిసిన వ్యాఖ్యలలో ఇది మేలైనది. దేవయాని దుఃఖం మాత్రం ఆ జవాబుతో తీరలేదు. గురువు ఒక్కడే గురుకులం కాదు. ఒక మల్లుడు వెళ్ళిపోతే అతనితో రోజూ జోడీగా పెనుగులాడే కుర్రవానికి సాటివాడు లేకుండాపోతాడు. ఆ యేటి దంగల్‌లో అఖాడా పేరు నిలిపేవాడు లేకుండాపోతాడు. సెలవు అడగవలసింది గురువును ఒక్కరినే కాదన్న మాట చాలామందికి తోచదు.

వైదిక గురుకులం ఈ విషయంలో అఖాడా కంటె ముందుచూపు కలది. అక్కడ ఉపనయనానికి ఎదురుగా సమావర్తనం ఉన్నది. చదువు ముగిసిన బ్రహ్మచారి గురువుకు యథాశక్తి సమర్పించి, అనుమతి పొంది, స్నానం చేసి ఇంటికి మరలుతాడు. ఆ స్నానం చేసినవాడే స్నాతకుడు. మన విశ్వవిద్యాలయాలు పట్టాలిచ్చే సభకు ఇప్పటికీ స్నాతకోత్సవమనే పేరు, నీరు లేకపోయినా, నిలిచి ఉన్నది. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో వెళ్ళే శిష్యునికి ఆచార్యుడే ఎట్లా బ్రతకాలో చెప్పి పంపుతాడు. అందులో నన్ను ఎప్పుడూ ఆపివేసే విషయం ఒకటున్నది. తమ నడతలో మంచిదానినే అనుసరించమనీ, తక్కినది వద్దనీ ఆచార్యులు స్వయంగా చెబుతారు. తమలో అనుసరించదగనిది ఉన్నదని వారే ఒప్పుకొని పంపుతున్నారు. అట్లా పంపబడినవాడు గురువు తప్పులు వెదకి తన ప్రయాణానికి కారణం చూపవలసిన అవసరం లేదు.

అఖాడాలో అటువంటి ద్వారం లేనందున, వెళ్ళాలనుకున్నవాడు ఒక ఫిర్యాదును తలుపుగా చేసుకుంటాడు. గురువు పక్షపాతి, అక్కడ కొత్త పద్ధతులు తెలియవు, పాలు సరిగా పోయరు. మన పెద్దలు దీనిని తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమన్నారు. వాసాలు నిజంగా పుచ్చి ఉండవచ్చు. లెక్క తప్పని ఎవరూ అనడం లేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ లెక్కపెట్టకుండా, గడప దాటిన తరువాత లెక్కపెట్టడమే తప్పు.

గురువుల భయం కూడా తక్కువది కాదు. సాదీ వ్రాసిన గులిస్తాన్‌లో ఒక మల్లగురువు కథ ఉన్నది. పారసీకం చదువుకున్న మన దేశపు పాతతరం వారందరికీ అది పరిచితమే. ఆయనకు మూడువందల అరవై పట్లు తెలుసు. ప్రియశిష్యునికి మూడువందల యాభైతొమ్మిది నేర్పినాడు. శిష్యుడు బలగర్వంతో గురువునే సవాలు చేసినప్పుడు, దాచుకున్న ఆ ఒక్క పట్టుతో గురువు అతనిని ఎత్తి పడవేసినాడు. ఈ కథను సాధారణంగా గురువు వివేకానికి దృష్టాంతంగా చెబుతారు. నాకు అట్లా తోచదు. దాచిన పట్టు గురువుతోపాటు చితిమీదికి పోతుంది. దానికి మించి, శిష్యుడు ద్రోహి అవుతాడని ముందే నిశ్చయించుకున్న గురువు అతనికి మూడువందల యాభైతొమ్మిది నేర్పుతూ ప్రతినాడూ అతనిని అనుమానించి ఉండాలి. అటువంటి చోటునుండి మంచిగా వెళ్ళడం ఎవరికీ సాధ్యం కాదు, అక్కడ ఉండడమే మంచిగా జరగలేదు కనుక. ఏకలవ్యుడు అసలు లోపలికే రానివ్వబడనివాడు; అతని వద్ద బొటనవ్రేలే అడిగినారు.

ఇక అసలు ప్రశ్న. సెలవు అడగడమంటే నిర్ణయాన్ని గురువు చేతిలో పెట్టడమా? ఆయన వద్దంటే ఉండిపోవాలా? దీనికి భీష్మపర్వంలోని ధర్మరాజు నడకను గుర్తుచేసుకుంటాను. రెండు సేనలు ఎదురెదురుగా నిలిచిన వేళ అతడు కవచం విప్పి, ఆయుధం విడిచి, కాలినడకన శత్రుసేనలోకి పోయినాడు. తమ్ములు కలవరపడినారు, ఎదుటి సైనికులు భయపడినాడని నవ్వినారు. అతడు భీష్ముని, ద్రోణుని, కృపుని, శల్యుని వరుసగా దర్శించి యుద్ధానికి అనుమతి అడిగినాడు. నీవు రాకపోతే శపించి ఉండేవాణ్ణి, వచ్చినందుకు సంతోషించినానని పెద్దలు అన్నారు. వారి జయాన్ని కోరినారు. అయినా ఆనాడే ఎవరి పక్షాన వారు నిలిచి బాణాలు వేసుకున్నారు. ధర్మరాజు యుద్ధం మానుకోవడానికి రాలేదు. నిర్ణయం చేసుకొనే వచ్చినాడు. ద్రోణునికి ఆ సంగతి తెలుసు. అడగడం నిర్ణయాన్ని మార్చదు, నిర్ణయం చెప్పే చోటును మారుస్తుంది. ఇతరుల నోట వినవలసినదానిని గురువు శిష్యుని నోటనే వింటాడు. ఆయన కోపగించుకుంటే ఆ కోపాన్ని ఎదుట నిలబడి భరించడం శిష్యుని వంతు. వద్దన్నా వెళ్ళవచ్చు, చెప్పకుండా వెళ్ళరాదు.

రెండు భాషల మధ్య బ్రతికేవానికి మాటలమీద ధ్యాస ఎక్కువ. హిందీలో వెళ్ళేవాడు 'ఇజాజత్ దీజియే' అని అనుమతి కోరుతాడు. మనం 'సెలవు' అంటాము. ఈ సెలవు అనే మాట విచిత్రమైనది. శిష్యుడు పుచ్చుకొనేదీ సెలవే. పెద్దలు మాట పలికితే దానినీ 'సెలవిచ్చినారు' అంటాము. వెళ్ళడానికి అనుమతి, పెద్దల పలుకు, రెండూ ఒక్క మాటలో ఇమిడిపోయినాయి. మరొకటి: మన ఇండ్లలో ఎవరూ గడప దాటుతూ 'పోతాను' అనరు, 'వెళ్ళివస్తాను' అంటారు. పోతానన్నవానిని ముసలమ్మలు ఆపి, ఆ మాట మార్పించి పంపుతారు.

గురువు పక్షాన కూడా ఒక ధర్మం ఉన్నది. ఖాశాబా జాధవ్ సాతారా జిల్లా గోళేశ్వర్ గ్రామపు మట్టిలో పెరిగిన మల్లుడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో, మట్టికి బదులు పరచిన చాపమీద, ఆరవ స్థానంలో నిలిచినాడు. 1952లో హెల్సింకీ పోవడానికి డబ్బు చాలనప్పుడు, కొల్హాపూర్ రాజారామ్ కళాశాలలో ఒకప్పటి అతని ప్రిన్సిపాల్ ఖర్డేకర్ తన ఇల్లు కుదువపెట్టి ఏడువేల రూపాయలు సమకూర్చినాడు. జాధవ్ కాంస్యపతకంతో తిరిగివచ్చినాడు. స్వతంత్ర భారతదేశానికి వ్యక్తిగత క్రీడలలో అదే మొదటి ఒలింపిక్ పతకం. అప్పటికి ఆ విద్యార్థి కళాశాల విడిచినవాడు, ఆ ప్రిన్సిపాల్‌కు అతనిపై ఏ అధికారమూ లేదు. అధికారం పోయిన తరువాత మిగిలినదేదో దానితోనే ఆయన ఇల్లు కుదువపెట్టినాడు. ఢిల్లీలో గురు హనుమాన్ శిష్యుడైన సత్పాల్ 1982 ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచి, తరువాత ఛత్రసాల్ స్టేడియంలో తానే గురువై ఒక కొత్త తరాన్ని తయారుచేసినాడు. శిష్యులందరూ కదలకుండా ఉండిపోతే రెండవ గోదా ఎక్కడ పుడుతుంది?

ఏరు దాటి తెప్ప తగలవేయడమని మనకు సామెత. బుద్ధుడు తెప్ప కథనే మరొక విధంగా చెప్పినాడు: ఏరు దాటినవాడు తెప్పను నెత్తిన పెట్టుకొని నడవడు. ఒకటి కృతఘ్నతను తప్పుపడుతుంది, మరొకటి మోతను. రెంటినీ కలిపి చదివితే తెప్పను ఒడ్డున కట్టి పోవాలని తేలుతుంది, వెనుక వచ్చేవారికి అది కావాలి కదా. మల్లుని విషయంలో ఆ కట్టడమేమిటి? తన చోట నిలబడదగిన కుర్రవానికి నాలుగు నెలలు ముందునుంచే పట్లు చూపడం; తన పేరుతో ఒప్పుకున్న దంగల్ ఉంటే అది ముగించి పోవడం; కొత్తచోట పాత గురువు పేరు దాచకపోవడం. ఎవరి శిష్యుడవని అడిగినప్పుడు మల్లుడు చెప్పే మొదటి మాటలోనే అతని వీడ్కోలు ఎట్లా జరిగిందో తెలిసిపోతుంది.

ఇదంతా గురువు గురువుగా ఉన్నప్పటి మాట. శిష్యుని దేహాన్ని, మానాన్ని గాయపరచినవాని వద్ద సెలవు అడగనక్కరలేదు; ఇతరులకు అపాయమున్నప్పుడు మౌనమూ ధర్మం కాదు. మంచిచెడ్డలు మరచి దారి తప్పిన గురువును విడిచిపెట్టవచ్చునని భీష్ముడు స్వయంగా తన గురువు పరశురామునికే చెప్పి యుద్ధానికి నిలిచినట్లు ఉద్యోగపర్వంలో ఉన్నది. కాని పాలు పలచనైనాయన్న ఫిర్యాదును ఈ కోవలో చేర్చడం మనుషులకు మహా సులభం.

'వెళ్ళివస్తాను' అన్నవారిలో కొందరు నిజంగానే వస్తారు. గురుపూర్ణిమనాడో, నాగపంచమినాడో, రైల్వే ఉద్యోగం చేస్తున్నవాడు, పొట్ట పెరిగినవాడు, వేరే అఖాడాలో పేరు తెచ్చుకున్నవాడు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి గోదా మట్టి నుదుట పెట్టుకుంటారు. కొత్త పిల్లలు వారిని వింతగా చూస్తారు. గురువు ఎక్కువ మాట్లాడడు. బరువెంత ఉన్నావు, దండీలు తీస్తున్నావా అని అడుగుతాడు. ఆ తరువాత ఒక కుర్రవానిని పిలిచి, ఈయనతో ఒక పట్టు పట్టరా అంటాడు.