రథం తోలేదెవరు?

ఐస్ హాకీలో మన దేశపు పురుషుల జట్టు మొదటిసారి అంతర్జాతీయ పోటీకి పోయింది 2009 మార్చిలో, అబుధాబీకి. ఆసియా ఛాలెంజ్ కప్ అది. కప్పు గెలిచింది ఎమిరేట్స్. ఎడారి దేశం కప్పు ఎత్తుకుంటే, హిమాలయాలున్న దేశం ఒక్క గెలుపు లేకుండా ఇంటికొచ్చింది. అంతర్జాతీయ సమాఖ్యలో మనకు సభ్యత్వం దొరికింది 1989లోనే. అంటే, పేరు రాయించుకున్న ఇరవై ఏళ్లకు బరిలోకి దిగామన్నమాట.

తాండూరులో కూర్చున్నవాడికి ఈ మంచు గోల ఎందుకని మా వీధి కిరాణా కొట్టాయన నన్ను ఆటపట్టిస్తుంటాడు. "ఏం సారూ, ఈడ మే నెలల బండలు కాలి పేలాలు ఏగుతుంటే నువ్వు మంచు మీద ఆట జూస్తవు!" నేను సర్కారు బడుల్లో వ్యాయామం సారుగా చేసి రిటైరైనవాణ్ణి. ఓడిపోయే జట్లను వెంటేసుకొని తిరగడంలోనే నా సర్వీసు సగం గడిచింది. మా అబ్బాయి ఫౌజులో ఉన్నాడు. లేహ్‌లో పోస్టింగ్ పడ్డప్పుడు అక్కడి కార్జూ చెరువు మీద పోరగాళ్లు ఆడుతుంటే ఫోన్లో చూపించాడు. అప్పుడు పట్టుకున్న పిచ్చి ఇది.

లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు చివరికి చెరువు గడ్డకడుతుంది, ఫిబ్రవరి దాటితే ఆట బంద్. రాత్రిపూట నీళ్లు పోస్తే తెల్లారేసరికి గడ్డకట్టి మంచు సాఫవుతుంది, దాని మీద ఆడతారు. జాతీయ జట్టులో ఎక్కువమంది ఈ లడఖ్ వాళ్లే, అందులోనూ సైన్యంలో, ఐటీబీపీలో ఉద్యోగం చేసే జవాన్లు. వాళ్లకు ఎదురు నిలిచే కువైట్, థాయ్‌లాండ్ ఆటగాళ్లకు పైకప్పు కింద, కరెంటుతో, ఏడాది పొడుగునా మంచు ఉంటుంది. రెండు నెలల సాధన పన్నెండు నెలల సాధనతో తలపడితే ఏమవుతుందో చెప్పడానికి జాతకం చూడనక్కర్లేదు. 2012లో డెహ్రాడూన్‌లో మకావును ఓడించడం మనవాళ్ల మొదటి గెలుపు. రెండంకెల తేడాతో ఓడిన మ్యాచులూ ఉన్నాయి. 2015లో కువైట్‌లో ఆడడానికి ప్రయాణం ఖర్చుల కోసం జనం దగ్గర చందాలు అడగాల్సి వచ్చింది.

ఓడిపోతామని తెలిసీ ఎందుకాడాలి? ఈ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. కర్మ చెయ్యి, ఫలం మీద ఆశ పెట్టుకోకు. గీత చదవనివాడు కూడా చెప్పే మాట ఇది.

ఆ మాటతో నాకు పేచీ లేదు. చెప్పే నోటితోనే పేచీ. నేను ఖోఖో, కబడ్డీ జట్లను జోనల్ ఆటలకు తీసుకుపోయేవాణ్ణి. బస్సు చార్జీలు చాలాసార్లు నా జేబులోంచే. ఆడపిల్లలకు బూట్లు ఉండేవి కావు, నాపరాళ్ల పొడి పేరుకున్న నేల మీద ఉత్త కాళ్లతో ప్రాక్టీసు. ఒకసారి బూట్లకు డబ్బు శాంక్షన్ చేయమని ఒక పెద్ద సారు దగ్గరికి పోయాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఫలితం గురించి ఆలోచించకండి మాస్టారూ, పిల్లలు పాల్గొనడమే ముఖ్యం, గీతలో ఏం చెప్పారు?" అన్నాడు. నేను అడిగింది ఫలితం కాదు, బూట్లు. కాళ్లకు తొడుక్కునేది సాధనం. దాన్ని కూడా ఫలం కింద జమకట్టి, ఆశపడొద్దని ఉపదేశం చేస్తే ఇక చేసే కర్మ ఏం మిగులుతుంది?

ఆ రాత్రి ఇంటికొచ్చి మహాభారతం తీశాను, కోపంతోనే. గీత చెప్పినవాడు ఎక్కడ కూర్చుని చెప్పాడు? రథం నొగల మీద. తన సైన్యాన్నంతా దుర్యోధనుడికిచ్చి, ఆయుధం పట్టనని చెప్పి, పగ్గాలు పట్టుకున్నాడు. అర్జునుడి వైపు వచ్చే ప్రతి బాణం ముందు సారథి మీదుగానే రావాలి. సైంధవుణ్ణి చంపిన రోజున, యుద్ధం నడుమ గుర్రాలు దప్పికతో సోలిపోతే, అర్జునుడు బాణంతో కొలను పుట్టించాడు. గుర్రాలను విప్పి, ఒంట్లో దిగిన ములుకులు పీకి, నీళ్లు తాపి, ఒళ్లు రుద్దింది కృష్ణుడు. సాక్షాత్తు దేవుడు సాలోత్రి పని చేశాడు. ఫలం మీద ఆశ వదులుకోమని చెప్పడానికి ఆయనకున్న అర్హత అది. కుర్చీలో వాలినవాడికి ఆ అర్హత ఎక్కడిది?

ఇదే సంగతి చెప్పే దారి మా తాండూరు వైపు ఇంకోటి కూడా ఉంది. కన్నడ దేశం మాకు కూతవేటు దూరం. భావిగి భద్రేశ్వరుడి జాతరలో రథం లాగే వీరశైవుల ఇళ్లలో బసవన్న కాలపు శివభక్తుల, అంటే శరణుల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో నులియ చందయ్య కథ నాకు చాలా ఇష్టం. గడ్డి కోసి తాళ్లు పేని అమ్ముకునేవాడు. ఒకనాడు చెరువులో గడ్డి కోస్తుంటే మెడలోని లింగం జారి నీళ్లలో పడింది. ఆయన తీసుకోలేదు, తన పని ఆపలేదు. లింగమే వెంటపడి వచ్చింది. మడివాళ మాచయ్య అనే ఇంకో శరణుడు మధ్యవర్తిత్వం చేస్తే, చివరికి చందయ్య లింగానికి ఒక షరతు పెట్టాడు. నేను పేనిన తాళ్లు బజారులో అమ్మి పెట్టు, అప్పుడు నిన్ను ఒప్పుకుంటాను. లింగయ్య తాళ్లు అమ్మాడు.

భారతంలోనూ, శరణుల కథలోనూ దేవుడు పనిలో పాలు పంచుకున్నాడు. గట్టున నిలబడి నీతులు చెప్పలేదు.

ఇక మన మంచు సంగతి. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో పైకప్పుతో పెద్ద రింక్ కట్టారు. ఆటలు అయ్యాక కొన్నాళ్లకు, నడిపే ఖర్చు ఎక్కువని ఏళ్ల తరబడి మూసిపెట్టారు. మళ్లీ తెరిచింది 2025లో. ఆ నడుమ ఒక తరం ఆటగాళ్ల వయసు అయిపోయింది. దాన్ని ప్రారబ్ధం అనేవాళ్లున్నారు. కరెంటు బిల్లుకు పూర్వజన్మను సాక్షిగా పిలవడం నాకు ఒప్పదు.

అయితే ఆటగాడి వైపు నుంచి చూస్తే సంగతి వేరు. గోల్ కాపలా కాసే గోలీ తొడుగులు వేసుకొని నిలబడి ఉంటాడు. మూడంగుళాల వెడల్పు, 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల బాణంలా వస్తుంది. అప్పటికే పదిహేను గోల్స్ పడ్డాయనుకోండి. పదహారోదాన్ని ఆపడానికి అతను మోకాళ్ల మీద పడతాడు. అతనికి ఆశ లేదనగలమా? ఉంది, ఈ ఒక్క బిళ్లను ఆపాలని. మ్యాచ్ గెలవాలన్న ఆశ ఎప్పుడో పోయింది, పని మీద ఆశ పోలేదు. మా గనుల్లో నాపరాయి కోసే మనిషి, ఆ బండ ఎవరింట్లో పరుస్తారో తెలియకపోయినా, అంచు వంకర పోనివ్వడు. గీత వదులుకోమన్నది మొదటి ఆశను, రెండోదాన్ని కాదని నా నమ్మకం. రెండోది కూడా వదిలేస్తే అది వైరాగ్యం కాదు, బద్ధకం.

కాబట్టి నిష్కామం ఎవరికివారు తమ లోపల చూసుకోవలసిన సంగతి. లడఖ్ గోలీ తనకు తాను చెప్పుకోవచ్చు. అతని భుజాన కిట్టు మోసినవాడు, చెరువు మీద అర్ధరాత్రి నీళ్లు పోసినవాడు చెప్పవచ్చు. ఏమీ చేయనివాడు చెప్తే అది ఎగవేత.

మీ మండలంలో బడిపిల్లల ఆటల పోటీలు ఏటా జరుగుతాయి. ఈసారి మీ ఊరి జట్టు ఏ రోజు ఎక్కడ ఆడుతుందో పీఈటీ సారును అడిగి తెలుసుకోండి. పోతూ పోతూ రెండు జతల బూట్లు పట్టుకుపోండి, నాలుగు, అయిదు సైజులైతే ఎవరికో ఒకరికి సరిపోతాయి.