కొత్త మడి

తెలుగులో "మందు" అనే మాట ఎన్ని పనులు చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? జ్వరానికి వేసుకునేది మందు. పత్తి మీద పురుగుకి కొట్టేది మందు. సాయంత్రం నలుగురూ కూచుని తాగేది మందు. తుపాకీలో కూరేదీ మందే. ఊళ్ళో ఎవరైనా కారణం తెలియకుండా చిక్కిపోతుంటే "వాడికి ఎవరో మందు పెట్టారు" అంటారు. నయం చేసేదానికీ ప్రాణం తీసేదానికీ ఒకే మాట. పదహారో శతాబ్దపు స్విస్ వైద్యుడు పారసెల్సస్ చెప్పింది కూడా దాదాపు ఇదే: విషం కానిది ఏదీ లేదు, తేడా అంతా మోతాదులోనే ఉంది.

ఈ పాత తెలివిడిని మనం పక్కన పెట్టేశాం. దాని బదులు రెండు డబ్బాలు పెట్టుకున్నాం. ఒకదాని మీద "కెమికల్" అని, రెండోదాని మీద "నేచురల్" అని రాసుకున్నాం. మొదటిది చెడ్డది, రెండోది మంచిది, అంతే. నగరంలో నా ఈడు వాళ్ళ వంటిళ్ళన్నీ ఈ లెక్క ప్రకారమే మారిపోయాయి. రిఫైన్డ్ నూనె పోయి గానుగ నూనె వచ్చింది. ప్లాస్టిక్ సీసా పోయి రాగి సీసా వచ్చింది. బియ్యం డబ్బా పక్కన కొర్రలూ అండుకొర్రలూ చేరాయి. మా ఇంట్లోనూ వీటిలో సగం ఉన్నాయి, ఇకముందూ ఉంటాయి. ఇనప పెనం మీద అట్టు బాగా వస్తుంది, గానుగ నూనెలో పోపు వాసన బాగుంటుంది. వాటితో నాకు పేచీ లేదు. నేను అడగదలచుకున్న ప్రశ్న వేరు. మన ఆరోగ్యం కోసం మనం పడే ఈ తాపత్రయంలో పక్కవాడి ఆరోగ్యానికి చోటుందా?

ముందే చెప్తున్నాను, ఈ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. మన చుట్టూ విషాలున్న మాట నిజం. 2000 సంవత్సరం దాకా ఈ దేశంలో పెట్రోల్లో సీసం కలిపి అమ్మారు. ఇది చదువుతున్నవాళ్ళలో కొందరి బాల్యం ఆ పొగలోనే గడిచింది. 2013లో బిహార్‌లో పురుగుల మందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. 2017లో మన ఆదిలాబాద్‌కి ఆనుకునే ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ, ఆ మందు పీల్చి, ఇరవై మందికి పైగా రైతులూ కూలీలూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. భయపడటం తప్పు కాదు. భయపడి ఎటు పరిగెడుతున్నాం అన్నదే ప్రశ్న.

మనం పరిగెడుతున్నది "ప్రకృతి" వైపు. ఆ మాట ఎంత భరోసా ఇస్తుందో చూడాలంటే నల్గొండ దాకా వెళ్తే చాలు. అక్కడ తరాల తరబడి మనుషుల ఎముకల్ని వంచేసిన ఫ్లోరైడ్‌ని ఏ ఫ్యాక్టరీ కలపలేదు. అది గ్రానైట్ రాళ్ళలోంచి నీళ్ళలోకి దిగింది. నూటికి నూరుపాళ్ళూ సహజం. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా ఊళ్ళలో, ఈ జబ్బుని గుర్తించి వైద్యులు 1937లోనే రాశారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ హద్దు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి, నడుం వంగిపోతుంది. అదే ఫ్లోరైడ్‌ని కొద్ది మోతాదులో పళ్ళకి మంచిదని టూత్‌పేస్టులో కలుపుతారు. పారసెల్సస్ మాట అబద్ధం కాలేదు.

సహజం అన్న చీటీ అంటించుకున్న మందులు కూడా అంతే. దక్షిణాసియాలో తయారై అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్ముడవుతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో దొరికిందని 2004లో ఒక వైద్య పరిశోధన బయటపెట్టింది. ఆయుర్వేదం అంతా మోసం అని దీని అర్థం కాదు. "ఇది సహజమా?" అన్న ప్రశ్న మనల్ని కాపాడలేదని మాత్రమే అర్థం. ఎంత ఉంది, ఎవరి ఒంట్లోకి వెళ్తోంది, అది అక్కడ ఉండాలని ఎవరు నిర్ణయించారు? అడగాల్సిన ప్రశ్నలు ఇవి.

నల్గొండ కథలో ఇంకో సంగతి ఉంది. నాగార్జునసాగర్ డ్యాం ఆ జిల్లా సరిహద్దులోనే ఉంది. దాని కట్టడం 1967లో పూర్తయింది. అంటే కృష్ణ నీళ్ళు ఒక పక్క నిండుగా నిలిచి ఉండగానే మర్రిగూడ లాంటి చోట్ల జనం దశాబ్దాల పాటు బోరు నీళ్ళు తాగారు. ఫ్లోరైడ్ ప్రకృతి ఇచ్చిందే. ఆ నీళ్ళు ఎవరు తాగాలన్నది మాత్రం మనుషులే తేల్చారు.

ఇక్కడే నాకు మడి గుర్తొస్తుంది. తడిబట్ట కట్టుకుని, ఎవరూ తాకకుండా వంట చేసుకునే ఆ పద్ధతిలో శుభ్రత ఉందని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఉంటే ఉండొచ్చు. కానీ మడికీ శుభ్రతకీ ఒక పెద్ద తేడా ఉంది. శుభ్రత మురికిని తొలగిస్తుంది. మడి మనుషుల్ని తొలగిస్తుంది. ఇంట్లో చేరిన మురికిని వీధిలో పారబోసినా మడి చెడదు, వీధిలో మనిషి తగిలితే చెడుతుంది. పాత మడి వెనక కులం ఉంది. వంటింట్లో మనం కట్టుకుంటున్న కొత్త మడి వెనక జీతం ఉంది. "ఆరోగ్యమే మహాభాగ్యం" అన్న మాటని మనం తిరగేసి, భాగ్యం ఉన్నవాడికే ఆరోగ్యం అన్నట్టు బతుకుతున్నాం.

మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఫ్లాట్లు, దాదాపు ఇరవై ఆర్వో ఫిల్టర్లు. అందరం ఒకే బోరు నీళ్ళు వాడతాం. ఇలాంటి ఇంటి ఫిల్టరు లీటరు మంచినీళ్ళు ఇచ్చేసరికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. మనకి వద్దనుకున్న ఉప్పులన్నీ మరింత చిక్కగా ఆ నీళ్ళలో కలిసి కాలవలోకి పోతాయి. వాచ్‌మన్ కుటుంబం సెల్లార్లో ఉంటుంది, జనరేటర్ పక్క గదిలో. వాళ్ళకి ఫిల్టరు లేదు. మా గ్రూపులో ఏ కంపెనీ ఫిల్టరు మంచిదన్న చర్చ రెండు మూడు నెలలకోసారి వస్తుంది. కింద ఉన్న కుళాయి సంగతి ఆ చర్చలోకి రాదు. అక్కడ చెడ్డవాళ్ళెవరూ లేరు. తన గడప లోపలి నీళ్ళు శుభ్రం కాగానే ఎవరికైనా మనసు కుదుటపడుతుంది, ఆ కుదుటపడటంతోనే కథ ముగుస్తుంది. మడి కట్టుకు కూచోవడం అంటే ఇదే.

ఈ మాట అంటే ఒక స్నేహితురాలు నన్ను నిలదీసింది. "నాకు రెండేళ్ళ పిల్ల ఉంది. నువ్వు చెప్పే చట్టాలూ పైపులైన్లూ వచ్చేదాకా దానికి ఆ నీళ్ళే పట్టమంటావా?" అనను. ఏ తల్లీ ఆగక్కర్లేదు. ఫిల్టరు తీసేసినంత మాత్రాన వాచ్‌మన్ పిల్లలకి మంచినీళ్ళు రావు. త్యాగం చేసి అందరం సమానంగా జబ్బు పడటం న్యాయం కాదు. నేను అడుగుతున్నది ఒక్కటే: మనం చేసిన పనితో విషం తగ్గిందా, పక్కకి జరిగిందా? పక్కకి జరిపిన పని అవసరం కొద్దీ చేసింది కావచ్చు. దాన్ని పుణ్యం ఖాతాలో రాసుకోకూడదు. డిటాక్స్ జ్యూస్ సంగతంటారా, అది తగ్గించేదీ లేదు, జరిపేదీ లేదు. ఆ పని లివరూ కిడ్నీలూ రోజూ జీతం అడక్కుండా చేసుకుపోతున్నాయి.

సీసం కథ ఈ తేడాని బాగా చూపిస్తుంది. అమెరికన్ శాస్త్రవేత్త క్లేర్ ప్యాటర్సన్ భూమి వయసు కనిపెట్టడానికి పూనుకున్నాడు. రాళ్ళలోని సీసాన్ని కొలవాలి. గాలిలోంచి, గోడల్లోంచి, చివరికి మనుషుల ఒంటి మీంచి కూడా సీసం వచ్చి కొలతని పాడుచేస్తోంది. అందుకని ఆయన ప్రపంచంలోనే అరుదైన, సీసం చొరబడని గది ఒకటి కట్టుకున్నాడు. భూమి వయసు దాదాపు 455 కోట్ల ఏళ్ళని 1956లో ప్రకటించాడు. అప్పటికి భూమ్మీద ఆయన గది అంత శుభ్రమైన చోట్లు ఎన్నో ఉండి ఉండవు. ఆయన ఆ గదిలోనే కూచుని ఉండొచ్చు. కూచోలేదు. బయట అంత సీసం ఎక్కణ్ణించి వస్తోందని అడిగాడు. జవాబుల్లో ముఖ్యమైనది పెట్రోలు. 1965లో ఆయన రాసిన వ్యాసం సారాంశం ఇది: మన ఒంట్లో మామూలుగా ఉన్న సీసాన్ని సహజం అనుకుంటున్నాం, మామూలు వేరు, సహజం వేరు. పరిశ్రమ ఎదురుతిరిగింది. ఆయన తగ్గలేదు. అమెరికాలో సీసాన్ని క్రమంగా తగ్గిస్తూ పోయాక, 1970ల చివరికీ 1990ల మొదటికీ మధ్య అక్కడి జనం రక్తంలో సగటు సీసం నాలుగింట మూడొంతులకి పైగా తగ్గింది. ధనికుల రక్తంలోనూ తగ్గింది, పేదల రక్తంలోనూ తగ్గింది. సీసం లేని గాలిని ఎవరూ దుకాణంలో కొనుక్కోలేదు. ఒక నియమం మారింది, అంతే.

అయితే అన్నీ పైనుంచి వచ్చే చట్టాలే చెయ్యాలా? అక్కర్లేదు. పాల్వంచ దగ్గర పునుకుల అని ఒక ఊరుంది. పత్తి, మిర్చి పండించే ఊరు. మందూ అప్పూ రెండూ ఒకే షాపువాడి దగ్గర దొరికేవి, మందు పెరిగేకొద్దీ అప్పు పెరిగేది. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో ఆ ఊరి రైతులు, స్వచ్ఛంద సంస్థల సాయంతో, పురుగుల మందులు మానేశారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, పొలంలో ఎర పంటగా ఆముదం మొక్కలు. అన్నీ మనం "నేచురల్" అనే డబ్బాలో వేసేవే. ఊళ్ళో మహిళా సంఘాలు పట్టుబట్టాయి. చివరికి మా ఊళ్ళో పురుగుల మందు వాడమని పంచాయతీయే ప్రకటించింది. ఇక్కడ విషం పక్కకి జరగలేదు, తగ్గింది. కొట్టే కూలీ ఊపిరితిత్తుల్లో తగ్గింది, బావిలో తగ్గింది, ఊరి పేరు కూడా తెలియకుండా ఆ పంట తినేవాడి కంచంలోనూ తగ్గింది. వేప కషాయం గొప్పతనం అది చెట్టు నుంచి రావడంలో లేదు. ఊరంతా కలిసి వాడటంలో ఉంది.

అందుకే సేంద్రియ బియ్యానికి ఎక్కువ డబ్బు పెట్టడం నాకు వెర్రిగా అనిపించదు. ఆ డబ్బు నా కడుపు కోసం మాత్రమే అనుకుంటే అది మడి. మందు డబ్బా భుజానికి తగిలించుకుని చేలో నడిచే మనిషి కోసం కూడా అనుకుంటే, నా ప్రశ్నలు మారిపోతాయి. ఇందులో ఏముంది అని కాకుండా, ఈ ధరలో రైతుకి ఎంత వెళ్తోంది, ఈ ధర పెట్టలేని ఇంటి పిల్లలు ఏం తింటున్నారు, రేషన్ బియ్యంలోకీ బడిలో మధ్యాహ్న భోజనంలోకీ ఇలాంటి పంట ఎప్పుడొస్తుంది అని అడగడం మొదలెడతాను. ఈ ప్రశ్నలకి జవాబు షాపులో దొరకదు, పంచాయతీలో, శాసనసభలో, అపార్ట్‌మెంట్ మీటింగులో అడగాలి. వాటిలో చివరిది మరీ దూరం కాదు. ఇరవై ఫిల్టర్లకి అయ్యే ఖర్చులో కింద ఒకటే ఉమ్మడి ఫిల్టరు పెట్టి, అందులోంచి ఒక పైపు సెల్లార్ గదికి కూడా వెయ్యొచ్చేమో లెక్క చూడమని వచ్చే ఆదివారం అడగబోతున్నాను.