ఎక్కడుందో ఎవరికి తెలుసు?

పన్నెండేళ్ళ కిందట మా అమ్మ మెట్ల మీద జారిపడి తొంటి ఎముక విరగ్గొట్టుకుంది. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆ పదిహేను రోజులూ నాన్న ఇంటి నుంచి రోజుకి ఐదారుసార్లు ఫోన్ చేసేవారు. పొద్దున చేసే ఫోన్ ఒంట్లో ఎలా ఉందని అడగడానికి. మిగతావన్నీ చింతపండు ఎక్కడుంది, గ్యాసు పుస్తకం ఎక్కడ పెట్టావు, నా తెల్ల పంచె కనపడ్డం లేదేం అని. అమ్మ కళ్ళు మూసుకునే జవాబు చెప్పేది. "బియ్యం డ్రమ్ము వెనకాల పాత హార్లిక్స్ సీసా ఉంటుంది చూడండి. దాని పక్కన ఎర్రమూత డబ్బా. అందులో." ఆపరేషనైన మర్నాడు మత్తు పూర్తిగా దిగకుండానే పోపులపెట్టెలో ఏ గిన్నెలో ఏముందో వరసగా అప్పజెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషికి ఉప్పు ఎక్కడుంటుందో తెలియకపోవడం అమాయకత్వం కాదు, అదొక సౌకర్యం. ఈ మాట క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. అమ్మని ఇంటికి తీసుకొచ్చేలోపల ఒక ఆదివారమంతా కూర్చుని వంటింట్లో డబ్బాలన్నిటికీ పేర్లు రాసి చీటీలు అంటించాను. బట్టల బీరువా అరలకీ అంటించాను. తెలిసినదాన్ని ఇంటిల్లిపాదికీ ఉమ్మడి చేస్తే అమ్మకి భారం దిగుతుందని నా నమ్మకం. అమ్మ వాకరు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"అన్నిటిమీదా పేర్లు రాసేశావు. ఇంక నన్నెవరు పిలుస్తారే?" అంది.

అప్పుడు నవ్వేశాను. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది కూడా. చాకిరీనే గౌరవం అనుకునేట్టు పితృస్వామ్యం మనల్ని పెంచుతుంది, అమ్మ మాట దానికి ఉదాహరణ, అంతే. ఆ సమాధానం అంత తేలిగ్గా సరిపోదని పోయినేడాది తెలిసింది. తెలియజెప్పింది మా కాలేజీలో చదువుకున్న అమ్మాయి.

అమ్మాయి అంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తల్లి. హైదరాబాదు శివార్లలో ఒక పెద్ద గోదాములో ఏడేళ్ళుగా పనిచేస్తోంది. కూతురి ఇంటర్ అడ్మిషన్ సంగతి మాట్లాడ్డానికి మా ఇంటికొచ్చి, కూర్చోగానే ముందు పాదాలు ఒత్తుకుంది. "మొదటి ఐదేళ్ళూ నడక మేడమ్. ఇప్పుడు నిలబడ్డం" అంది.

నడక అంటే అర్థమైంది. మామూలు గోదాములో సరుకు తన చోట తానుంటుంది, మనిషే దాని దగ్గరికి వెళ్ళాలి. చేతిలో జాబితా, ముందు తోపుడుబండి. పెద్ద గోదాముల్లో రోజుకి పది పదిహేను కిలోమీటర్లు నడవడం వింతేమీ కాదు. రెండేళ్ళ కిందట వీళ్ళ దగ్గర యంత్రాలు పెట్టారు. అప్పట్నుంచీ సరుకే మనిషి ముందుకొస్తోంది.

ఆమె వెళ్ళాక ఈ యంత్రాల గురించి కొంత చదివాను. ఇవి నిన్నమొన్నటివి కావు. సరుకుని తానే అరలో పెట్టి, అడిగినప్పుడు తానే తీసుకొచ్చే ఎత్తైన గోదాముల్లో మొదటిదిగా చెప్పేదాన్ని 1962లో జర్మనీలో గూటర్స్‌లో పట్టణంలో కట్టారు. డెమాగ్ అనే క్రేన్ల కంపెనీ దాన్ని కట్టింది బెర్టెల్స్‌మాన్ అనే పుస్తక ప్రచురణ సంస్థ కోసం. ఎత్తైన ఇనప అరలు, రెండు వరసల మధ్య సన్నటి సందు, ఆ సందులో పట్టాల మీద పరిగెడుతూ పైకీ కిందకీ కదిలే క్రేను. ఇప్పుడు క్రేన్లతోపాటు నేల మీద పాకే మరబండ్లు కూడా వచ్చాయి. అమెరికాలో కీవా అనే సంస్థ చేసిన బండి సరుకున్న బీరువా కిందికి దూరి, దాన్ని నెత్తికెత్తుకుని మనిషి ముందుకు తెస్తుంది. ఆ సంస్థని 2012లో అమెజాన్ 77.5 కోట్ల డాలర్లకి కొనేసింది. మనదేశంలో గ్రేఆరెంజ్ అనే సంస్థ అలాంటి బండే తయారుచేసి దానికి బట్లర్ అని పేరు పెట్టింది. ఆ పేరు సంగతి మళ్ళీ చెప్తాను.

నన్ను ఆశ్చర్యపరిచింది యంత్రాల వేగం కాదు, సర్దే తీరు. సబ్బులన్నీ ఒకచోట, చెప్పులన్నీ ఒకచోట ఉండక్కర్లేదు. ఏ అర ఖాళీగా ఉంటే అందులోకి వెళ్ళిపోతాయి. పిల్లల బొమ్మ పక్కన ప్రెషర్ కుక్కర్ గాస్కెట్, దాని పక్కన పోటీపరీక్షల పుస్తకం. ఎక్కువగా అమ్ముడుపోయేవాటిని మాత్రం దగ్గరగా పెట్టుకుంటారు, అమ్మ ఉప్పు డబ్బాని పొయ్యి పక్కన పెట్టుకున్నట్టు. ఏది ఎక్కడుందో తెలిసేది కంప్యూటరుకొక్కదానికే. మనిషి లోపలికెళ్ళి చూసినా ఏమీ బోధపడదు. క్రేన్లు తిరిగేచోట దీపాలు కూడా అక్కర్లేదు.

అమ్మ వంటిల్లూ అంతే కదా అనిపించింది. చింతపండు హార్లిక్స్ సీసా పక్కనే ఎందుకుండాలో అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. కానీ అమ్మ వంటింట్లో ఆ గజిబిజి అమ్మని లేకపోతే జరగని మనిషిని చేసింది. గోదాములో అదే గజిబిజి, ఏ మనిషి లేకపోయినా జరిగిపోయేట్టు చేసింది.

"మా దగ్గర ఒక అక్క ఉంది మేడమ్" అని చెప్పిందా అమ్మాయి. ఐదో తరగతి చదివిన మనిషి. గోదామంతా ఆమెకి కంఠతా వచ్చు. కొత్తగా చేరినవాళ్ళు ఏం కావాలన్నా ముందు ఆమెనే అడిగేవాళ్ళు. ఫలానా సైజు అయిపోయిందంటే వాపసొచ్చిన సరుకులో చూడమనేది. బతుకమ్మ ముందు ఏది కదులుతుందో, సంక్రాంతి ముందు ఏది కదులుతుందో సూపర్‌వైజరుకి చెప్పేది. ఆ తెలివికి జీతంలో ఒక్క రూపాయి ఎక్కువ లేదు. కానీ అందరి మీదా అరిచే సూపర్‌వైజరు గొంతు ఆమె దగ్గర కొంచెం తగ్గేది. ఇప్పుడామె అందరిలాగే ఒక స్టేషన్లో నిలబడి పనిచేస్తుంది.

"ఇప్పుడు అక్కని ఎవరూ ఏమీ అడగరు మేడమ్."

ఆ మాటకి ఉలిక్కిపడ్డాను. పన్నెండేళ్ళ కిందట అమ్మ అన్నదీ ఇదే. నేను పితృస్వామ్యం కిందకి తోసేసి నవ్విన మాటే, ఇంకో ఆడమనిషి నోట, ఇంటి గడప బయట, శ్రమకి సంబంధించిన మాటగా వినపడింది.

ఎక్కడుందో తెలియడమంటే చిరునామా తెలియడం ఒక్కటే కాదు. దాని పక్కన ఏముందో, అది లేకపోతే దాని బదులు ఏది పనికొస్తుందో కూడా తెలియడం. చదువుకునే ఆడవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. షికాగో విశ్వవిద్యాలయంలో 2011లో తెరిచిన మన్సువెటో గ్రంథాలయంలో 35 లక్షల పుస్తకాలు పట్టే అరలు నేలకింద 50 అడుగుల లోతున ఉన్నాయి. ఐదు క్రేన్లు అడిగిన పుస్తకాన్ని నిమిషాల్లో తెచ్చిపెడతాయి. పుస్తకాలక్కడ విషయాన్నిబట్టి ఉండవు, సైజునిబట్టి ఉంటాయి. పుస్తకాలు భద్రంగా ఉండడానికి అది మంచి ఏర్పాటే. కానీ అరల మధ్య తిరుగుతూ పక్క పుస్తకం మీద చెయ్యి వెయ్యడం అందులో కుదరదు. యంత్రం మనం అడిగింది తెస్తుంది. అడగాలని మనకే తెలియనిదాన్ని తేదు. బెంగుళూరు నాగరత్నమ్మ ఇంకేదో చదువుతుంటే ముద్దుపళని పేరు కంటబడింది. కంటబడింది కాబట్టి వెతికింది, రాతప్రతి సంపాదించింది, 1910లో 'రాధికా సాంత్వనము' అచ్చువేయించింది. పేరే వినని కవయిత్రి పుస్తకం కావాలని ఏ క్రేనుని అడుగుతాం?

ఇంక ఆ బట్లర్ సంగతి. గోదాముల పరిభాషలో దీన్ని 'మనిషి దగ్గరికి సరుకు' పద్ధతి అంటారు. ఎంత కొత్తగా కనిపెట్టినట్టు రాస్తారో! మనం పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. వసారాలో పడక్కుర్చీలో కూర్చున్న మగవాడు "ఇదిగో" అంటే చాలు, మంచినీళ్ళు, కాఫీ, కళ్ళజోడు, పేపరు తమంతట తామే నడిచొస్తాయి. వాటి కింద దూరి మోసుకొచ్చే మనిషి కనపడదు, అంతే.

మరి గోదాములో సరుకు తన ముందుకొస్తున్న ఆడమనిషి ఆ కుర్చీలో కూర్చున్నట్టా? కాదు. మొట్టమొదట, ఆమెకి కుర్చీ లేదు. రెండోది, పిలిచేది ఆమె కాదు. తెరమీద బొమ్మ, అంకె పడతాయి. బీరువా వచ్చి నిలబడుతుంది. దీపం వెలిగిన చోట నుంచి తీసి, దీపం వెలిగిన చోట పెట్టాలి. అది వెళ్ళేలోపల ఇంకోటి. గంటకెన్ని తీసిందో లెక్క ఎక్కడో పడుతూనే ఉంటుంది. "నడిచేటప్పుడు దారిలో ఆగి నీళ్ళు తాగేదాన్ని మేడమ్. పక్క వరసలో ఎవరైనా కనిపిస్తే ఒక మాట మాట్లాడేదాన్ని. ఇప్పుడది వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఆగబుద్ధి కాదు" అంది.

అంటే ఎవరు నడుస్తున్నారన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరు పిలుస్తున్నారు? ఎవరు ఎవర్ని ఆగమనగలరు? నడక తప్పినంతమాత్రాన చాకిరీ తప్పదు. మా నాన్న కుర్చీకీ, ఆ అమ్మాయి స్టేషన్‌కీ తేడా అదే.

ఈ తేడాని మన ఆడవాళ్ళు ఎప్పుడో పట్టుకున్నారు. కోళికోడ్‌లో బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే స్త్రీలు 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టుకుని కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో కేరళ ప్రభుత్వం చట్టం సవరించింది. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది. అడిగింది ఒక స్టూలు. దానికి చట్టం కావాల్సి వచ్చింది. గోదాముల లెక్కల గురించి కాలిఫోర్నియాలో ఒక చట్టం 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. గంటకెంత పని ఆశిస్తున్నారో పనివాళ్ళకి రాసివ్వాలనీ, భోజనానికీ మరుగుదొడ్డికీ వెళ్ళడానికి అడ్డమొచ్చే లెక్క పెట్టకూడదనీ అందులో ఉంది. మరుగుదొడ్డికి వెళ్ళొచ్చని చట్టంలో రాసుకోవాల్సిన పరిస్థితి ఎలాంటిదో మనకి తెలుసు.

"యంత్రాలు తీసెయ్యమంటావా?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"అయ్యో, వద్దు మేడమ్. నడిచీ నడిచీ మోకాళ్ళు అరిగిపోయాయి. స్టూలు వెయ్యమనండి చాలు. ఆ లెక్కేదో మాకూ చూపించమనండి."

ఆమె అడగని మూడోది నేను అడుగుతున్నాను. అక్కకి తెలిసిందంతా ఏమైనట్టు? ఏ నెలలో ఏది కదులుతుందో ఇన్నేళ్ళూ ఆమె చేసిన పని లెక్కల్లోకి ఎక్కింది. ఆ లెక్కల మీదే యంత్రం ఏది దగ్గరుంచాలో తేల్చుకుంటుంది. ఆమెకి తెలిసింది పోలేదు, చేతులు మారింది. అమ్మకి తెలిసిందాన్ని నేను చీటీల మీదకి ఎక్కించినప్పుడు కనీసం ఇంట్లో ఎవరైనా చదువుకోవచ్చు. గోదాములో ఆ చీటీలు యంత్రం తప్ప ఎవరూ చదవలేరు, యంత్రం యజమానిది. ఆడవాళ్ళు మోసే జ్ఞాపకం భారమా, బలమా అని చాలాకాలం వాదించుకున్నాం. రెండూను. భారం దించుతామని ఎవరైనా వస్తే వద్దనక్కర్లేదు. దించింది ఎవరి నెత్తికెక్కుతోంది, ఎవరి సంచిలో పడుతోంది అని అడగాలి. మోసినందుకు కూలి ఇవ్వకుండా మోపు పట్టుకుపోతే దాన్ని సాయం అనలేం.

చీటీలు అంటించినప్పుడు నేనూ ఆ ప్రశ్న వేసుకోలేదు. అమ్మని అడగను కూడా లేదు.

ఆ చీటీల వల్ల ఇంట్లో మారిందేమీ లేదు. నాన్న కుర్చీలోంచే "అన్నీ రాసిపెట్టింది కదా, కాస్త చూసి ఇటు పట్రా" అనేవారు. కొన్నాళ్ళకి నేను వెళ్ళినప్పుడు మెంతుల డబ్బా మూత తీస్తే వాము ఉంది. వాము అని రాసినదాంట్లో పటికబెల్లం. పెసరపప్పులో శనగపప్పు. ఒక్క చీటీ కూడా చింపలేదు, అన్నీ నేను అంటించినట్టే శుభ్రంగా ఉన్నాయి. ఇదేమిటమ్మా అంటే, "చీటీలు నువ్వు అంటించావు, సరుకు నేను పోసుకున్నాను" అంది.

అమ్మ పోయి నాలుగేళ్ళయింది. డబ్బాలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు నాన్న తనకి ఏదన్నా కావాలంటే లేచి వంటింట్లోకి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదివి, దాన్ని నమ్మకుండా మూత తీసి వాసన చూస్తారు.