నాణేల సేకరణ – అపరిగ్రహ విచారం

చలామణీ ఆగిపోయిన నాణెంతో చిటికెడు ఉప్పు కూడా రాదు. అయినా అటువంటి నాణేలను దేశదేశాల నుంచి తెప్పించుకొని, కాలక్రమంలో అమర్చి, తోటి సేకర్తలు కలిసినప్పుడు కొత్తగా దొరికిన వాటిని ముందుంచి, ఒకరి నాణేన్ని మరొకరు మెచ్చుకొని మురిసిపోయేవారు ప్రపంచమంతటా ఉన్నారు. ధనాశను బంధహేతువుల్లో మొదటి వరుసలో నిలిపిన మతసంప్రదాయాల వైపు నుంచి చూస్తే ఈ వ్యాపకం ఒక చిక్కు ప్రశ్నను లేవదీస్తుంది. ధనం ధనంగా పనిచేయడం మానిన తరువాత కూడా దానిని కూడబెట్టడం లోభమే అవుతుందా, లేక కొనుగోలు శక్తితోపాటు దాని దోషం కూడా తొలగి అది జ్ఞానానికి ఆలంబనం, అంటే మనస్సు నిలిచే ఆధారం, అవుతుందా అన్నదే ఆ ప్రశ్న.

పతంజలి యోగసూత్రాలు చెప్పిన అయిదు యమాలలో, అంటే సాధకుడు అన్నింటికన్నా ముందు అలవరచుకోవలసిన నిగ్రహాలలో, అపరిగ్రహం చివరిది. అవసరానికి మించి వస్తువులను స్వీకరించకపోవడమని దానికి వాడుకలో ఉన్న అర్థం. ఆ సూత్రాలకు ప్రామాణిక వ్యాఖ్యగా నిలిచిన వ్యాసభాష్యం దీనిని మరింత నిశితంగా నిర్వచించింది. భోగ్యవస్తువులను ఆర్జించడంలోను, రక్షించుకోవడంలోను, అవి క్షయించడంలోను, వాటిపై సంగం, అంటే తగులం, పెంచుకోవడంలోను, వాటికోసం హింసకు ఒడిగట్టడంలోను ఉన్న దోషాలను గుర్తించి వాటిని స్వీకరించకుండా ఉండటమే అపరిగ్రహమని ఆ భాష్యం తాత్పర్యం. భాష్యకారుడు ఇక్కడ వస్తువును దోషిగా నిలబెట్టలేదు. వస్తువు చుట్టూ మనిషి పడే పాట్లను పరీక్షకు పెట్టాడు.

ఆ పరీక్షకు నిలబెడితే నాణేల సేకరణ తప్పించుకోవడం కష్టం. ఆల్బమ్‌లో ఒకే ఒక్క సంవత్సరపు గడి ఖాళీగా ఉండి, ఆ ఖాళీయే నిద్రపట్టనివ్వకపోతే అది ఆర్జనదోషం. తేమ తగిలితే వెండి నల్లబడుతుందని, నాసిరకం ప్లాస్టిక్ సంచుల రసాయనం రాగిపై పచ్చని జిగురుగా దిగుతుందని, చేతి చెమటకు ముద్ర మాసిపోతుందని వేళ్లతో అంచులు మాత్రమే పట్టుకొని బెంగపడటం రక్షణదోషం. అంత జాగ్రత్తపడినా, మెరుగుపెట్టాలన్న తొందరలో ఒక్కసారి గట్టిగా రుద్దినందుకు శతాబ్దాలుగా ఏర్పడిన పైపొర ఊడిపోతే అది క్షయం. సంగం గురించి వేరే చెప్పనక్కరలేదు. పాతనిధులను దొంగచాటుగా తవ్వి, కొన్నింటిని కరిగించి, మిగిలినవి అమ్ముకొనే వ్యాపారం ఈ ఆసక్తిని ఆసరా చేసుకొనే బతుకుతున్నందువల్ల, విస్తృతార్థంలో హింసాదోషం కూడా దీనికి అంటుతుంది. కనుక నాణెం చెల్లకపోవడం ఒక్కటే సేకర్తను లోభం నుంచి బయటపడవేయదు.

జైనదర్శనం ఈ చర్చను మరొక మెట్టు పైకి తీసుకువెళ్లింది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఏడవ అధ్యాయంలో పరిగ్రహమంటే మూర్ఛ అని నిర్వచించాడు. ‘ఇది నాది’ అనే భావంలో మనస్సు మునిగిపోయి వివేకం కోల్పోవడమే అక్కడ మూర్ఛ. దీని ప్రకారం చేతిలో చిల్లిగవ్వ లేనివాడు కూడా పరుల సొత్తుపై మనసుపడితే పరిగ్రహి అవుతాడు, వస్తువుల మధ్య ఉన్నవాడు కూడా మమకారం లేకుంటే ఆ దోషానికి దూరంగా ఉండగలుగుతాడు. అయితే ఈ నిర్వచనం భోగులకు సాకు కాకుండా జైనాచార్యులు గృహస్థులకు పరిగ్రహ పరిమాణమనే అణువ్రతాన్ని, అంటే తన సొత్తుకు తానే హద్దు గీసుకొనే వ్రతాన్ని, విధించారు. ఒక దేశానికో, ఒక కాలానికో, ఒక లోహానికో పరిమితమై సేకరించమని అనుభవజ్ఞులు కొత్తవారికి ఇచ్చే సలహా ఈ వ్రతానికి లౌకికమైన ఛాయ.

బౌద్ధుల వినయం, అంటే భిక్షుసంఘ నియమావళి, ఈ విషయంలో ఇంకా కఠినమైనది. భిక్షువు బంగారాన్ని, వెండిని, నాణేలను స్వీకరించరాదు; స్వీకరించి ఉంటే, సంఘం నియమించిన మరొక భిక్షువు ఆ సొమ్మును ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోకుండా విసిరివేయవలసి రావచ్చు. చేయి విడిచినదానిని జ్ఞాపకం పట్టుకొని ఉంటే అది విడిచినట్లు కాదన్న ఎరుక ఈ నియమంలో ఉంది. బుద్ధుని పరినిర్వాణానికి సుమారు నూరేళ్ల తరువాత వైశాలిలో వజ్జి భిక్షువులు కంచుపాత్రలో నీరు నింపి సంఘం నడుమ పెట్టి, అందులో కహాపణాలు, అంటే ఆనాటి నాణేలు, వేయమని ఉపాసకులను అడిగినప్పుడు యశుడనే భిక్షువు అడ్డుచెప్పాడు. ఆ వివాదం మరి తొమ్మిది అంశాలతో కలిసి రెండవ సంగీతికి, అంటే భిక్షువుల మహాసభకు, దారితీసింది. అక్కడ చేరిన 700 మంది భిక్షువులు ధనస్వీకారాన్ని అధర్మంగా నిర్ణయించారు.

నాణేన్ని ముట్టరాదన్న ఈ సంప్రదాయమే, ప్రజ్ఞ అంటే ఏమిటో చెప్పవలసి వచ్చినప్పుడు నాణేల కుప్పను ఉదాహరణగా ఎంచుకోవడం ఆలోచించదగిన విషయం. 5వ శతాబ్దంలో సింహళంలో విశుద్ధిమార్గాన్ని రచించిన బుద్ధఘోషుడు, షరాబు బల్లపై పోసిన కహాపణాలను ముగ్గురు ఎలా చూస్తారో వివరించాడు. పసివాడికి అవి గుండ్రంగానో, పలకలుగానో, పొడవుగానో ఉన్న బొమ్మల బిళ్లలు; ఇది సంజ్ఞ, అంటే గుర్తుపట్టడం మాత్రమే. పల్లెటూరివాడికి ఆ రూపంతోపాటు వాటికి విలువ ఉందని, వాటితో భోగాలు సమకూరుతాయని తెలుసు; ఇది విజ్ఞానం, అంటే విషయాన్ని విడదీసి తెలుసుకోవడం. షరాబు మాత్రం చూసి, మోగించి, వాసనచూసి, నాలుకకు తగిలించి, చేతిలో తూచి ఏది మంచిదో, ఏది నకిలీదో, ఏది సగం విలువదో చెప్పడమే కాక, ఏ ఊళ్లో, ఏ కొండ దగ్గర, ఏ నదీతీరంలో, ఏ పనివాడి చేతిలో అది తయారయిందో కూడా గ్రహిస్తాడు, ఇది ప్రజ్ఞ. సేకరణ విషయంలో అడగవలసిన ప్రశ్న ఈ ఉదాహరణతో తేటపడుతుంది. నాణేన్ని అమ్మితే ఎంత వస్తుందన్న దగ్గర ఆగిపోయిన సేకర్త, ఆల్బమ్ ఎంత ఖరీదైనదైనా, ఆ పల్లెటూరివాడి మెట్టు దాటలేదు.

మూడవ మెట్టు నుంచి చూస్తే ఏమి కనబడుతుందో తెలియడానికి రోమన్ చక్రవర్తి టైబీరియస్ వెండి దీనారియస్ మంచి ఉదాహరణ. నాలుగు గ్రాములకు కాస్త తక్కువ తూగే ఈ నాణేనికి బొమ్మ వైపు ఆకుల కిరీటం పెట్టుకున్న తల, దాని చుట్టూ అతడు దైవత్వం పొందిన అగస్టస్ కుమారుడని చాటే లాటిన్ అక్షరాలు, బొరుసు వైపు ఆసీనురాలైన స్త్రీమూర్తి, ప్రధాన పురోహితుడన్న బిరుదు ఉంటాయి. చక్రవర్తికి పన్ను కట్టవచ్చునా అని అడిగినవారిని ఏసు ఒక దీనారియస్ చూపమని, దానిపై ఉన్న రూపం ఎవరిదని ఎదురు ప్రశ్నించిన సువార్త ఘట్టంలోని నాణెం ఇదేనని చాలామంది భావిస్తారు. ఏకేశ్వరారాధకుడి సంచిలో మరొక దేవుని కుమారుడినన్న ప్రకటన ఉండటమే ఆ ప్రశ్నకు పదును పెట్టింది. అదే చక్రవర్తి దీనారియస్‌లు మిరియాలకు, ముత్యాలకు, సన్నని బట్టలకు బదులుగా సముద్రం దాటి వచ్చి తెలుగునేలలో పాతిపెట్టబడ్డాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల నిధిలో చాలా వాటిపై చక్రవర్తి తల మీదుగా ఉలిగాటు ఉంది. లోహాన్ని పరీక్షించడానికే అలా కోశారని కొందరు, చెలామణీ నుంచి తప్పించడానికని మరికొందరు పండితులు అంటారు. కారణం ఏదైనా, ఒక దేశంలో దైవాంశగా చెలామణీ అయిన ముఖం మరొక దేశంలో వట్టి వెండిగా లెక్కకు వచ్చిందని ఆ గాటు చెబుతుంది.

మతాల సరిహద్దులు శాస్త్రగ్రంథాలలో ఉన్నంత గట్టిగా టంకశాలలలో లేవని వివిధ దేశాల నాణేలను పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. కుషాణ రాజు కనిష్కుని నాణేలపై బుద్ధుడు, శివుని పోలిన ఓఏషో, ఇరానీయుల మిత్ర దేవుడు, నానా దేవత వేర్వేరు ముద్రలలో దర్శనమిస్తారు. ముహమ్మద్ ఘోరీ ఉత్తర భారతంలో ముద్రించిన బంగారు నాణెంపై ఒకవైపు ఆసీన లక్ష్మి, మరొకవైపు నాగరి లిపిలో అతని పేరు కనిపిస్తాయి. ఇంగ్లండులోని మెర్సియా రాజు ఆఫా హిజ్రీ 157 నాటి, అంటే సా.శ. 774 నాటి, అబ్బాసీ దీనారును అరబ్బీ అక్షరాలతో సహా అచ్చు దించి, నడుమ తన పేరును అరబ్బీకి తలకిందులుగా వేయించాడు. క్రైస్తవ రాజు నాణెంపై ఇస్లాం విశ్వాసప్రకటన అలా చేరింది. ఈ మూడింటినీ ఒక్క ఇంట్లో దాచుకోగలవారు అరుదు. ఒక్కొక్కటి ఒక్కొక్కరి దగ్గర ఉన్నా, వారు పరస్పరం చూపుకొన్నప్పుడే ఈ పోలిక సాధ్యమవుతుంది. ప్రజ్ఞకు కావలసిన సామగ్రి ఏ ఒక్కరి పెట్టెలోనూ పూర్తిగా ఉండదు కనుక, పంచుకోవడం సేకర్తకు మర్యాద మాత్రమే కాక జ్ఞానసాధనలో ఒక అంగం కూడా అవుతుంది.

ఈ పంపకానికి చరిత్ర కూడా ఉంది. అగస్టస్ చక్రవర్తి సాటర్నేలియా పండుగలో బహుమతులుగా పాతకాలపు రాజుల నాణేలను, విదేశీ నాణేలను కూడా పంచేవాడని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. ఇటలీ కవి పెట్రార్క్ 1354లో మాంటువాలో రాజు చార్లెస్ IVను కలిసినప్పుడు తాను సేకరించిన రోమన్ చక్రవర్తుల నాణేలు కొన్ని కానుకగా ఇచ్చి, వారి ముఖాలను చూసి వారి గుణాలను అనుసరించమని కోరాడు. తనకు ప్రీతిపాత్రమైన వాటిని వదులుకోవడం, వాటి వెనక ఉన్న చరిత్రను వివరించడం, పుచ్చుకొనేవాడి నడవడికి వాటిని ప్రమాణంగా చూపడం అనే మూడు పనులూ ఆ ఇవ్వడంలో కలిసి ఉన్నాయి.

పుచ్చుకొనేవాడికి, చూసి మెచ్చుకొనేవాడికి కూడా ధర్మశాస్త్రంలో స్థానం ఉంది. థేరవాద బౌద్ధులు లెక్కించిన పది పుణ్యక్రియలలో తన పుణ్యాన్ని ఇతరులకు పంచడం ఒకటయితే, ఇతరుల పుణ్యానికి మనస్ఫూర్తిగా సంతోషించే అనుమోదన మరొకటి. దీనికి విరోధి మాత్సర్యం. తనకున్నది మరొకరికి దక్కరాదన్న ఆ గుణాన్ని వారు నివాసం, కుటుంబం, లాభం, ప్రశంస, ధర్మజ్ఞానం అనే అయిదు విషయాలలో చూపించారు. సేకర్తకు చివరి మూడూ దగ్గరగా తగులుతాయి. తనకు పదేళ్లుగా దొరకని నాణెం పక్కవాడికి దొరికినప్పుడు దానిని చేతిలోకి తీసుకొని, లోపాలు వెతకకుండా, దాని అందాన్ని నోరారా చెప్పగలిగినవాడు ఆ క్షణంలో మాత్సర్యాన్ని జయించినట్లే. సంస్కృత అలంకారశాస్త్రంలో భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం ఇదే అనుభవానికి మరొక వివరణ ఇస్తుంది. నాటకంలోని శోకం నాదీ కాదు, పరాయివాడిదీ కాదు అన్న స్థితికి ప్రేక్షకుడు చేరినప్పుడే రసం ఆస్వాద్యమవుతుందని ఆ సిద్ధాంతం సారాంశం. నలుగురి నడుమ ఉన్న నాణేన్ని చూస్తున్నంతసేపు అది ఎవరిదన్న మాట మరుగునపడితే, యజమానికి కూడా అది మొదటిసారి సరిగా కనబడుతుంది.

ఈ వాదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. చూపించడం డంబం కోసం కూడా కావచ్చు. లోభి దాచుకొని సుఖపడితే డాంబికుడు ప్రదర్శించి సుఖపడతాడు, ఇద్దరిలోనూ మూర్ఛ ఒక్కటే. దీనికి సమాధానం చూపేవాడు ఏమి చెబుతున్నాడన్న దానిలో ఉంది. ధర, అరుదుతనం చెప్పి ఊరుకొంటే అది ప్రదర్శన. ఎక్కడ దొరికింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఇంకా ఏమి సందేహాలున్నాయి అన్నది దాచకుండా చెబితే అది పంపకం. షరాబు ప్రజ్ఞలో నదీతీరం పేరు కూడా ఉందని బుద్ధఘోషుడు చెప్పడం ఊరికే కాదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో స్థానికంగా ఏరి భద్రపరచిన నాణేలు దాచిన పెట్టెలోనే ఉండిపోకుండా శాసనపరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలనకు రావడం వల్లనే గోబద, నారన, సమగోప వంటి రాజుల పేర్లు, శాతవాహనుల మూలపురుషుడు శిముకుని నాణేలు చరిత్రకు ఎక్కాయి. ఆ ఊరి పేరు లేకుండా అవే నాణేలు ఏ నగరంలోని అంగట్లోనో అమ్ముడుపోయి ఉంటే, శాతవాహనుల తొలినాళ్లకు తెలంగాణతో ఉన్న సంబంధానికి అంత గట్టి ఆధారం మిగిలేది కాదు.

అపరిగ్రహానికి ముందు అస్తేయం, అంటే దొంగిలించకపోవడం, నిలిచేది ఇక్కడే. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. ఈ చట్టాలను దాటి వచ్చిన నాణేన్ని ఎంత భక్తితో ఆరాధించినా అందులో ఇతరుల జ్ఞానభాగం అపహరణకు గురై ఉంటుంది. కనుక సేకరణ దానంతట అది పరిగ్రహమూ కాదు, అపరిగ్రహమూ కాదు. న్యాయంగా వచ్చినదై, హద్దు ఎరిగినదై, దొరికిన చోటుతో సహా నలుగురికీ తెరిచి చూపేదై, ఇతరుల లాభానికి సంతోషించగలదైతే అది ప్రజ్ఞకు దారి. ఈ నాలుగింటిలో ఏది లోపించినా, అది వెండిరేకు కప్పుకొన్న లోభమే. నాణేలను ప్రేమించే పాఠకులు తమ ఆల్బమ్‌లోని ప్రతి నాణెం పక్కన అది దొరికిన ఊరు, వచ్చిన దారి ఇప్పుడే రాసిపెట్టడం, చూడవచ్చినవారికి ఆ వివరాన్ని నాణెం కన్నా ముందు చెప్పడం ఈ సాధనకు తొలిమెట్టు.