పరదేశపు విస్తరి

ధ్యానభాగము: యోహాను 4:7–9, 40, సామెతలు 25:16



మన గుంటూరు, ఒంగోలు ప్రాంతముల సంఘములనుండి అనేకులు పరిశుద్ధ దేశయాత్రకు వెళ్లి వచ్చిరి. వెళ్లువారు గోంగూర పచ్చడియు కారపుపొడియు మూట కట్టుకొనుట మరువరు. పరదేశపు వంట నోటికి చప్పనగునని వారి భయము. అయితే మిరపకాయ మాత్రము మొదట మనదా? అది అమెరికా ఖండములో పుట్టి, 16వ శతాబ్దములో పోర్చుగీసువారి ఓడలమీద మన దేశమునకు వచ్చినది. నాటి పరదేశియే నేడు మన చేలలో పంట, మన కూటికి రుచి. కాబట్టి పరాయివారి ఆహారమును చూచి ముఖము చిట్లించుకొనకుడి.

యాకోబు బావి యున్న నాబ్లస్ పట్టణము పూర్వపు షెకెము. అక్కడ కునాఫా అను మిఠాయి ప్రసిద్ధము. సేమియావంటి పిండిపోగులును మెత్తని జున్నును పళ్లెములో పరచి, నేతితో కాల్చి, పాకము పోసి వేడిగా పెట్టుదురు. తినవచ్చునా? తినవచ్చును. చేర్చుకొనినవారు పెట్టినది తినుటకు ప్రభువే తన శిష్యులకు సెలవిచ్చెను (లూకా 10:8). అయితే తేనె దొరికినను మితము తప్పవద్దని సొలొమోను హెచ్చరించుచున్నాడు. ఇంటివద్ద ఎరువుల కొట్టు బాకీ తీరకయుండగా, అక్కడ నాలుకకు దాసుడై ఖర్చు చేయుట భక్తి కాదు.

ఆ బావియొద్దనే యేసు సమరయ స్త్రీని దాహమునకు అడిగెను. యూదులు సమరయుల పొత్తు కూడని కాలమది. ఆయన ఆమె కడవనీళ్లు అడుగుటయే గాక, వారి ఊరిలో రెండు దినములు నిలిచెను. రెండు దినములున్నవాడు వారి కూడు తినకుండునా?

మన తాతలు ఊరిబావికి ఎడముగా నిలిచి, పైనుండి పోసిన నీళ్లు దోసిట పట్టి త్రాగిరి. ఆ అవమానమెట్టిదో మనమెరుగుదుము. అట్టి మనలోనే, పల్లెలోని విశ్వాసి గూడెములోని విశ్వాసి యింట విస్తరిముందు కూర్చొనుటకు వెనుకాడుట యేమి? నాబ్లస్‌లో ముక్కు మొగము తెలియనివాని చేతి మిఠాయి సంతోషముగా తిని, తిరిగివచ్చి సహోదరుని యింటి గంజి వద్దనువాడు సముద్రము దాటెను గాని వీధి దాటలేదు.

యాత్రకు వెళ్లినవారును వెళ్లనివారును, ఈ నెలలో వీధి దాటి ఒక యింట భుజించుడి. ఒకరిని మీ యింటికి పిలువుడి. పచ్చడి మెతుకులైనను చాలును. ప్రభువు బల్లయొద్ద మనము పంచుకొను రొట్టె ఒక్కటే గదా (1 కొరింథీ 10:17). ఆ బల్లయొద్ద కలిసినవారిని మన యింటి గడప వేరు చేయకుండును గాక. ఆమేన్.