చూచినవాని ఋణము

తీరమునకు కొంత దూరమున, లోతు తక్కువైన పగడపు నీటిమీద, ఒక చిన్న బల్ల తేలుచున్నది. దానిమీద ఒక మనుష్యుడు బోరగిల పండుకొని యున్నాడు. బల్ల ముందుభాగమున పారదర్శకమైన కిటికీ యొకటి కలదు. వెనుక బ్యాటరీతో నడచు చిన్న మోటారు కలదు. అతడు కాళ్లు ఆడింపనక్కరలేదు, ఊపిరి బిగబట్టనక్కరలేదు. చేతిక్రింది మీట నొక్కినంతనే బల్ల మెల్లగా కదలును. కిటికీలోనుండి చూచినయెడల క్రింద నొక లోకము కనబడును. కొమ్మలు చాచిన పగడములు, వాటి నడుమ దూరిపోవు పసుపుపచ్చని చేపలు, ఇసుకలో దాగిన తిరండిచేప, అన్నియు నిశ్శబ్దముగా తమ పని తాము చేసికొనుచున్నవి.

స్నార్కెల్ గొట్టము నోట కరచుకొని ఈదువారికొరకు కల్పింపబడిన ఈ సాధనము చూపునకు ఆటవస్తువువలె నున్నది. అయినను అది పాత ప్రశ్నలను క్రొత్తగా అడుగుచున్నది. ప్రయాసపడక చూచుట తప్పా? చూచి ఊరకే వెళ్లిపోవుట తప్పా? చూచినవాడు, తాను చూచినదానికి ఏమైనను అచ్చియున్నాడా?

నీటి అడుగును చూడవలెనను కోరిక నేడు పుట్టినది కాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున సిల్వర్ స్ప్రింగ్స్ అను ఊటలమీద పందొమ్మిదవ శతాబ్దమునందే అద్దపు అడుగు గల పడవలు తిరిగినవి. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనువారు నీటిక్రింద శ్వాసించుటకు ఆక్వాలంగ్ అను పరికరమును సిద్ధపరచిరి. మన దేశములో అండమాను దీవులయందు 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానము ఏర్పడినది. అందలి జాలీబాయ్ దీవియొద్ద యాత్రికులు అద్దపు పడవలనుండి పగడములను చూచుచుందురు. అండమానులలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబములకు, ముఖ్యముగా చేపలు పట్టి జీవించువారికి, ఈ నీళ్లు పరాయివి కావు. మోటారు బల్ల ఈ వరుసలో కడపటి సాధనము మాత్రమే.

మొదటి ప్రశ్నను ముందుగా విచారింతము. కష్టపడినవానికే సౌందర్యము దక్కవలెనని తలంచువారు కొందరు కలరు. ఈదనేర్చినవాడు చూడవచ్చును, నేర్వనివాడు ఒడ్డున నిలువవలెనని వారి భావము. ఈ మాటలో క్రమశిక్షణకంటె గర్వమే ఎక్కువగా నున్నది. మోకాళ్లు సహకరింపని వృద్ధురాలు, చిన్ననాట పోలియో సోకిన యువకుడు, నీరనిన భయపడు పట్టణవాసి, వీరికి ఆ లోకము ఎన్నడును మూయబడియుండవలెనా? నలుగురు మోసికొని రాగా ఇంటికప్పు గుండ దింపబడిన పక్షవాయువు రోగిని, నీవు నడచి రాలేదేమని ప్రభువు అడుగలేదు. మోయబడి వచ్చుట నేరము కాదు.

అంతేకాదు, ఈ బల్లకు ఒక మేలైన గుణము కూడ కలదు. పగడము రాయి కాదు. అది వేలాది చిన్న ప్రాణుల కాపురము. బండవలె గుండ్రముగా ఎదుగు పగడములు సాధారణముగా ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరుగవు. అలసిన ఈతగాడు విశ్రాంతికొరకు ఒక్క నిమిషము దానిమీద నిలువబడినయెడల, పదేండ్ల పెరుగుదల విరిగిపోవచ్చును. బల్లమీద పండుకొన్నవాని పాదములు అక్కడికి చేరవు. కాబట్టి సులభముగా చూచుట తప్పు కాదు. ఒక్కొక్కప్పుడు అదియే మర్యాద.

అయితే చూచుట ఎల్లప్పుడును నిర్దోషమైనదేనా? 1956లో కూస్తో, లూయీ మాల్ అనువారు కలిసి తీసిన 'నిశ్శబ్ద ప్రపంచము' అను చలనచిత్రము లోకమునకు సముద్రగర్భమును చూపినది. దానికి కాన్ చలనచిత్రోత్సవమున ఉత్తమ బహుమతి లభించినది. ఆ చిత్రములోనే, ఒక పగడపు దిబ్బవద్ద ఎన్ని జాతుల చేపలున్నవో తెలిసికొనుటకు వారు డైనమైటు పేల్చిరి. ఒక తిమింగలపు పిల్ల వారి ఓడ ప్రొపెల్లరుకు తగిలి గాయపడినది. దాని రక్తమునకు సొరచేపలు చేరగా, నావికులు కోపముతో వాటిని ఓడమీదికి లాగి నరికిరి. వీరు సముద్రద్వేషులు కారు. సముద్రమును ప్రేమించుచున్నామని నిజముగా నమ్మినవారే. కూస్తో తరువాతి కాలమున సముద్ర రక్షణకై పాటుపడి, 1973లో అందుకొరకు ఒక సంఘమును స్థాపించెను. ప్రేమించుచున్నానను నమ్మకము మాత్రమే చేతిని శుద్ధిచేయదని ఆ చిత్రము నేటికిని సాక్ష్యమిచ్చుచున్నది.

ఫ్లోరిడా తీరమునందే మానటీ అను సాధుజంతువు నివసించును. అది గడ్డి మేయు పెద్ద జలచరము, మెల్లగా ఈదును, శ్వాసకొరకు పైకి వచ్చును. చలికాలమున క్రిస్టల్ రివర్ ప్రాంతపు వెచ్చని ఊటలలో గుంపుగా చేరును. వీటి సంరక్షణకొరకే అక్కడ 1983లో ఒక ఆశ్రయస్థానము ఏర్పాటు చేయబడినది. ఎందరో వాటిని చూచుటకు నీటిలోనికి దిగుదురు. శాస్త్రజ్ఞులు ఒక మానటీని మరియొక దానినుండి ఎట్లు గుర్తింతురు? దాని వీపుమీది మచ్చలనుబట్టియే. ఆ మచ్చలలో అనేకము మోటారు పడవలు తగిలి మానిన గాయములు. మానవుడు ఆ ప్రాణికి పేరు పెట్టక మునుపే గాయము పెట్టెను. ఆ గాయమునుబట్టియే ఇప్పుడు దానిని పోల్చుకొనుచున్నాడు. చిన్న బల్ల మోటారు పెద్ద పడవ మోటారు వంటిది కాదన్నది నిజమే. అయినను తిరుగు రెక్క ఏదియైనను, పండుకొన్నవాని చూపు ముందుండగా అది వెనుకనుండును. తన వెనుక నేమి జరుగుచున్నదో అతడు చూడడు. ఇది ఒక్క బల్ల విషయమే కాదు. మానవ జీవితమంతటి విషయము.

ఇప్పుడు దృష్టిని మన్నారు సింధుశాఖవైపు త్రిప్పవలెను. తమిళనాడు తీరమున పాంబన్ చుట్టుపట్ల పల్లెలలోని స్త్రీలు తరతరములుగా సముద్రపు నాచు సేకరించి జీవించుచున్నారు. చవుకరకపు నీటి కళ్లద్దములు ధరించి, వ్రేళ్లు తెగకుండ గుడ్డపీలికలు చుట్టుకొని, ఊపిరి బిగబట్టి వారు మునుగుదురు. వారికి మోటారు లేదు, కిటికీ లేదు. 1986లో అక్కడి ఇరువదియొక్క దీవులు సముద్ర జాతీయోద్యానముగా ప్రకటింపబడినప్పటినుండి దీవుల దరికి పోవుట వారికి నిషేధమైనది. ఆ నిషేధమునకు కారణము లేకపోలేదు. పగడములు నిజముగానే నశించుచుండెను. అయినను ఆ స్త్రీలు తమకు తామే ఒక కట్టుబాటు చేసికొనిరి. నెలకు పండ్రెండు దినములు మాత్రమే నాచు తీయుదురు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున నలువదియైదు దినములు పని మానుదురు. మానిన దినములకు వారికి కూలి లేదు.

ఇచ్చట చదువరి ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. బల్లమీదివాడును నీటి అడుగును చూచెను. ఆ స్త్రీయు చూచెను. అతడు గంటసేపు చూచి ఆనందించెను. ఆమె బ్రతుకంతయు చూచి, ఆకలిని ఓర్చుకొని, సముద్రమునకు విశ్రాంతినిచ్చెను. ఇద్దరిలో ఎవరు నిజముగా చూచినవారు?

యెరూషలేమునుండి యెరికోకు దిగు త్రోవను గూర్చిన ఉపమానమును ఎరుగనివారు అరుదు. అందు యాజకుడు గాయపడినవానిని చూచెను, లేవీయుడును చూచెను, సమరయుడును చూచెను. ముగ్గురి కన్నులు ఒకే దృశ్యమును చూచినవి. భేదము చూపులో లేదు. చూచిన తరువాత ఎవడు ఆగెను, ఎవడు ఖర్చు భరించెను అనుదానిలోనే యున్నది. సమరయుడు తన నూనెను, తన వాహనమును, తన ధనమును వ్యయపరచెను. కాబట్టి రెండవ ప్రశ్నకును జవాబు దొరకినది. చూచుట తప్పు కాదు. చూచి, వెలయేమియు చెల్లింపక, ప్రక్కగా పోవుటయే తప్పు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. నేడు పగడములకు కలుగుచున్న గొప్ప కీడు యాత్రికుని పాదమువలన కాదు, సముద్రము వేడెక్కుటవలన. నీరు అధికముగా వేడెక్కినప్పుడు పగడము తనలో నివసించి తనకు ఆహారమిచ్చు సూక్ష్మమైన నాచును వెలిపుచ్చి తెల్లబడును. వేడి తగ్గనియెడల చచ్చును. 1998, 2010, 2016 సంవత్సరములలో మన దేశపు పగడపు దిబ్బలు ఇట్లు తెల్లబడినవి. ఈ వేడిమికి లోకమంతయు కారణమై యుండగా, బల్లమీది ఒక్కని ఋణమేమి? అని అడుగవచ్చును. ఋణము అందరిదే, ఎన్నడును సముద్రమును చూడని హైదరాబాదు వాసికిని, వరంగల్లు వాసికిని అందులో భాగము కలదు. అయినను చూడనివానికి, నాకు తెలియదని చెప్పుకొనుటకు కొంత చోటున్నది. చూచినవానికి ఆ చోటు లేదు. అతడు సాక్షి యాయెను. సాక్షి మౌనముగా నుండుట సగము అబద్ధము.

మరియు ఒక మాట. సృష్టివృత్తాంతములో జలచరములు మానవునికంటె ముందు దినమున కలిగినవి. వాటిని చూచుటకు మనుష్యుడింకను పుట్టకమునుపే, అవి మంచివని దేవునికి కనబడెను. అనగా మనము చూచుటవలన వాటికి విలువ కలుగలేదు. మనకు అప్పగింపబడిన ఏలుబడి, ముందే మెచ్చుకొనబడినదానిమీది కాపుదనము మాత్రమే. కిటికీగుండ చూచువాడు తన కొరకు ఏర్పాటైన ప్రదర్శనను చూచుటలేదు. పరుని యింటి గవాక్షములోనుండి తొంగిచూచుచున్నాడు. అట్టివాడు మెల్లగా నడువవలెను, దూరముగా నుండవలెను, దేనిని ముట్టరాదు. తన వినోదముకొరకు ఎవరి జీవనము కట్టుబడినదో అడిగి తెలిసికొనవలెను. ఇంటికి చేరిన తరువాత ఆ యింటివారి మేలు కోరి మాటలాడవలెను, కొంత మానుకొనవలెను.

ప్రొద్దు వాలుచున్నది. బల్ల ఒడ్డుకు చేరినది. మనుష్యుడు లేచి, కన్నులు తుడుచుకొని, మోటారు ఆపుచున్నాడు. క్రింది లోకము అతని చూపు లేకయే ఎప్పటివలె సాగుచున్నది. ఆ లోకమునకు అతని మెప్పు అక్కరలేదు. అతని కాపుదల అక్కర. అతడు ఇసుకమీద అడుగు పెట్టిన క్షణముననే ఆ ఋణము లెక్కకు వచ్చుచున్నది.